దేశవాళీ వరికి రోజులు కాదు, కార్తె చూడండి

ఈమధ్య ఏ దేశవాళీ విత్తనాల మేళాకి వెళ్లినా ఒకటే తీరు. బల్లల మీద చిన్న చిన్న గుడ్డ సంచులు, వాటి ముందు అట్టముక్కలు. అట్టముక్క మీద రకం పేరు, బియ్యం రంగు, ఏ జబ్బుకి మంచిదో, చివర్న ఎన్ని రోజుల పంటో. జబ్బుల సంగతి నేను ఎత్తను. ఈ బియ్యం తింటే షుగరు మాయమైపోతుందని రాసింది చదివితే నాకు బీపీ వస్తుంది. నా గొడవంతా ఆ చివరి అంకెతో. "145 రోజులు" అని ఉంటుంది. ఎక్కడ 145? ఎప్పుడు చల్లితే 145? అడిగితే బల్ల వెనకున్న కుర్రాడు "మాకు ఇచ్చినవాళ్లు అలాగే చెప్పారండీ" అంటాడు. పాపం అతని తప్పేముంది.

కేరళ నవారాకైతే ఆ లెక్క చెల్లుతుంది. అది రెండు మూడు నెలల్లో చేతికొచ్చే రకం. మా ఉత్తరాంధ్రలో మెట్టల మీద ఎద పెట్టే బుడమలూ దాదాపు అంతే. కానీ పల్లపు పొలాల్లో తరతరాలుగా పండిన రకాల్లో చాలావాటికి రోజుల లెక్క లేదు, తేదీ ఉంది. జూన్ మొదట్లో ఆకుమడి (నారుమడి) పోసినా, జూలై చివర్న పోసినా అవి ఈనేది, అంటే కంకి వేసేది, అక్టోబరులో ఇంచుమించు ఒకే వారంలో. కోత దాకా లెక్క గడితే మొదటిది 170 రోజుల పంట అవుతుంది, రెండోది 120 రోజుల పంట అవుతుంది. విత్తనం ఒకటే. రెండు అంకెలూ నిజమే, రెండింటిలో ఏ ఒక్కదాన్ని పట్టుకుని ఇంకో ఊళ్లో ఆకుమడి పోసినా మునుగుతాం.

అందుకే నేననేది, దేశవాళీ విత్తనం చేతులు మారేటప్పుడు దాని వెంట ఏ ఊరిదో, ఎప్పుడు చల్లారో, ఎప్పుడు ఈనిందో కూడా వెళ్లాలి. ఇవి లేకుండా పేరూ రంగూ రాసిచ్చిన విత్తనం సగం విత్తనమే.

చిన్నప్పుడు మా పెదనాన్నని అడిగాను. "పెదనాన్నా, చెరువు కింద వరి ఎప్పుడు ఈనుద్ది?" ఆయన పొగాకు నలుపుకుంటూ, "నువ్వెప్పుడు పొయ్యి, అది ఈనేది చిత్తలోనేరా. నీ తొందర్తో దానికి పన్లేదు" అన్నాడు. అప్పుడది పెద్దవాళ్ల విసుగులా వినిపించింది. తర్వాత చదువుకున్నాక తెలిసింది, ఆయన చెప్పింది అక్షరాలా వృక్షశాస్త్రమని.

వరి మొదట్నుంచీ పగలు తగ్గితే పూసే మొక్క. కచ్చితంగా చెప్పాలంటే చీకటి పెరిగితే పూసే మొక్క. మొక్కలు పగటి నిడివిని చూసి పూస్తాయని 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పొగాకు, సోయా మొక్కల మీద తేల్చారు. నిడివిని పసిగట్టేది ఆకు, వెన్ను (కంకి) పుట్టేది కాండం మొనలో. ఆకు నుంచి మొనకి కబురు ఎలా వెళ్తుందన్నది దశాబ్దాల పాటు తేలలేదు. ఏదో ఒక పదార్థం పోతోందని రష్యాలో చైలాఖ్యాన్ 1930లలోనే ఊహించి దానికి ఫ్లోరిజెన్ అని పేరు కూడా పెట్టేశాడు. అది వరిలో హెచ్‌డి3ఏ అనే ప్రొటీన్ అని 2007లో జపాన్‌లోని నారా సంస్థ వాళ్లు చూపించారు. ఆకులో తయారై, కాండంలోంచి పైకి పాకి, మొన దగ్గరికి చేరితే అక్కడ ఆకులు పుట్టడం ఆగి వెన్ను పుట్టడం మొదలవుతుంది. ఆ ప్రొటీన్ ఎప్పుడు తయారవ్వాలో చెప్పే జన్యువులు ఇంకొన్ని ఉన్నాయి. హెచ్‌డి1, జీహెచ్‌డి7 అలాంటివే. పగలు ఎక్కువగా ఉన్నన్నాళ్లూ అవి తాళం వేసి ఉంచుతాయి. ఒక్కో ప్రాంతపు వరిలో ఈ జన్యువుల్లో ఒక్కో మార్పు నిలిచిపోయింది. రకానికీ రకానికీ ఈనే తేదీలో తేడా వచ్చేది ఎక్కువగా ఇక్కడే.

ఈ పసిగట్టడం ఎంత సున్నితమో చెప్పడానికి మలేసియా మలక్కాలో చేసిన పరిశీలన ఒకటి చాలు. భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి అక్కడ ఏడాదిలో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా 14 నిమిషాలే. అక్కడి సియామ్ 29 అనే రకాన్ని జనవరిలో చల్లితే 329 రోజులు పట్టింది, సెప్టెంబరులో చల్లితే 161 రోజులు. 14 నిమిషాల తేడాని వరి ఆకు పట్టుకుంది. 1959లో ఇది నేచర్ పత్రికలో వచ్చింది. ఇక మనకి తేడా చాలా ఎక్కువ. హైదరాబాదులో జూన్ 21న పగలు 13 గంటల పైచిలుకు, డిసెంబరు 21న 11 గంటల పైచిలుకు. సెప్టెంబరు, అక్టోబరుల్లో రోజుకి దాదాపు ఒక నిమిషం చొప్పున తగ్గుతూ వస్తుంది. మనం గమనించం. వరి గమనిస్తుంది.

ఇంత చదివాక పెదనాన్న "చిత్తలో" అనడం ఎందుకో అర్థమైంది. ఆయన ఆశ్వయుజంలో అనలేదు, దీపావళికి అనలేదు. దీపావళి చంద్రుణ్ని బట్టి వస్తుంది కాబట్టి ఒక ఏడాది అక్టోబరు మధ్యలో, ఇంకో ఏడాది నవంబరు మధ్యలో పడుతుంది. అధికమాసం వచ్చిందంటే లెక్క ఇంకా తారుమారు. కార్తె అలా కాదు. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్నదే కార్తె, అందుకే ఏటా ఒక రోజు అటూ ఇటూగా అదే తేదీకి వస్తుంది. చిత్త కార్తె అక్టోబరు 10 ప్రాంతంలో మొదలై 23 దాకా, తర్వాత స్వాతి. అంటే ఫలానా కార్తె అంటే ఫలానా పగటి నిడివి అన్నట్టే. మనవాళ్లు పండగలకి చంద్రుణ్ని పట్టుకున్నారు, పొలానికి సూర్యుణ్ని పట్టుకున్నారు. వరి చూసేది సూర్యుణ్నే.

సరే, ఒక్కో రకానికి ఆ తేదీ ఎలా కుదిరింది? నాకు తోచిన జవాబు, నీళ్లు పొలాన్ని విడిచే తేదీ. మా ఊరి పొలాలు గట్టు మీంచి చూస్తే సులువుగా తెలుస్తుంది. పైన కొండ వారన మెట్ట, నడుమ గరువు, కింద చెరువు ఆయకట్టు పల్లం. సెప్టెంబరు దాటితే మెట్టలో పదును ఉండదు. అక్కడ వరి అక్టోబరు దాకా ఆగిందంటే తాలే మిగులుతుంది. అందుకే అక్కడ బుడమలాంటి పొట్టి పంట ఉంది. అది పగటి నిడివిని పెద్దగా పట్టించుకోదు, వయసు రాగానే ఈనేస్తుంది. పల్లంలో కథ వేరు. ఆగస్టు, సెప్టెంబరుల్లో అక్కడ మోకాలి లోతు నీళ్లు, వాన. ఆ వానలో ఈనితే పుప్పొడి తడిసి గింజ కట్టదు. వానలు తెరిపిచ్చి, చేలో ఇంకా నీళ్లుండి, ఆకాశం తేటపడిన నాలుగైదు వారాలే దానికి అదను. "వరి పొట్టకు పుట్టెడు నీరు" అన్నారు కదా, ఆ పుట్టెడు నీరు చెరువులో ఉన్నప్పుడే పొట్ట పడాలి. ఆ అదనుకి కుదిరిన మొక్కల గింజలే మళ్లీ విత్తనమయ్యాయి. ముందే ఈనినవి వానకి పోయాయి, ఆలస్యమైనవి ఎండకి పోయాయి. ఇలా వందల ఏళ్లు.

ఒక్క ఊరి వాలులోనే ఇంత తేడా ఉంటే కొండలున్నచోట ఎంతుంటుంది? మా సరిహద్దుకి ఆవల ఒడిశా కోరాపుట్, జైపూరు ప్రాంతంలో 1955 నుంచి 1959 దాకా కటక్ వరి పరిశోధనా కేంద్రం వాళ్లు తిరిగి 1,700కి పైగా రకాలు సేకరించారు. ఒకటే జిల్లా, దాదాపు ఒకటే అక్షాంశం. పగటి నిడివి అందరికీ ఒకటే. అయినా కొండ మీది పొలానికో తేదీ, వాగు మడుగులో మెట్లు కట్టి చేసిన మడికో తేదీ. "ప్రాంతీయ వైవిధ్యం" అనగానే మనం రాష్ట్రాల పటం ఊహించుకుంటాం. నా లెక్కలో ముందు చూడాల్సింది పొలం వాలు, ఆ తర్వాతే పటం.

పటానికీ పనుంది, కాదనను. నెల్లూరు సంగతి చూడండి. మిగతా కోస్తాకి నైరుతి వానలైతే నెల్లూరుకి ఈశాన్య వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అక్కడ మా రకాలు చిత్తలో ఈనితే కుండపోతలో ఈనినట్టే. అందుకే నెల్లూరు మొలగొలుకులు దీర్ఘకాలపు రకం, కోత సంక్రాంతి తర్వాతే. గింజ పాలు పోసుకునేది చల్లటి రోజుల్లో. ఆ బియ్యానికి అంత పేరు రావడంలో ఈ చలి వంతు కూడా ఉందని నా నమ్మకం. ఉత్తరాది బాస్మతికైతే ఇది పరీక్షించి చూసిన విషయమే. గింజ గట్టిపడే రోజులు చల్లగా ఉంటేనే వాసన బాగా నిలుస్తుంది. పాత బాస్మతి రకాలు శరత్తు దాకా ఆగి ఈనడం వల్లే వాటికి ఆ చలి దొరికేది.

ఇప్పుడు అక్షాంశం. ఒక రకం పగలు పన్నెండున్నర గంటలకి తగ్గాక వెన్ను మొదలెడుతుందనుకుందాం. నెల్లూరులో ఆ పగలు ఆగస్టు నాలుగో వారంలో వస్తుంది. కోల్‌కతాలో సెప్టెంబరు మొదటి వారంలో. శ్రీనగర్‌లో సెప్టెంబరు రెండో వారంలో. వెన్ను మొదలైనప్పటి నుంచి ఈనడానికి ఇంకో నెల, నెలా ఐదు రోజులు. నెల్లూరుకీ కోల్‌కతాకీ రెండు వారాల తేడాయే కదా అనిపిస్తుంది కానీ చేలో నీళ్లు పోయే ఆఖరి రోజుల్లో రెండు వారాలంటే పంటా గడ్డా తేల్చే తేడా. శ్రీనగర్‌లో అయితే ఈనే వేళకి అక్టోబరు మధ్యకి వస్తాం, అక్కడి రాత్రి చలికి గింజ ఊసే ఉండదు. అందుకే కాశ్మీరు వరి పగటి నిడివి కోసం కాచుకోదు. జపాన్ ఉత్తర కొసన హొక్కైడోలో కూడా అంతే. అక్కడి వరిలో నేను పైన చెప్పిన తాళం జన్యువులు కొన్ని పనిచేయని రూపంలో ఉన్నాయి. చైనా ఈశాన్యాన హైలాంగ్‌జియాంగ్ వరిలోనూ జీహెచ్‌డి7 అలాగే చచ్చుబడి ఉంది. తాళం ఊడిపోయిన మొక్కలే అంత ఉత్తరానికి చేరగలిగాయి. అదే సుందరవనాల ఉప్పు నేలల్లో పండే నోనా బొక్రాని జపాన్‌కి తీసుకెళ్తే చలి ముంచుకొచ్చేదాకా ఈనకుండా కూర్చుంటుంది.

ఇక అసలు వాదనకి వస్తాను. పగటి నిడివికి కట్టుబడి ఉండటం పాత రకాల లోపమనీ, ఆధునిక రకాలు ఆ లోపాన్ని సరిదిద్దాయనీ చాలామంది చెబుతారు. వ్యవసాయ కాలేజీలో చదువుకున్న మా బంధువు ఒకాయన "అవి మొండి రకాలు బావా" అంటాడు. నేను ఒప్పుకోను. ముఖ్యంగా వాన మీద, చెరువు మీద ఆధారపడ్డ వానాకాలం పంటకి అది లోపం కానే కాదు.

ముదురు ఆకు, అంటే ముదిరిన నారు, దాని సంగతే తీసుకోండి. మా వైపు ఉభాలు (నాట్లు) ఎప్పుడు పడతాయో చెప్పేది చెరువు. జూన్‌లో ఆకుమడి పోస్తాం, జూలైలో వాన ముఖం చాటేస్తుంది, చెరువులోకి నీళ్లు ఆగస్టులో వస్తాయి. నాలుగు నెలల ఆధునిక రకానికి ఆకు వయసు నాలుగు వారాలు దాటకూడదు. నెలకి వారం చొప్పున అని రైతులు చెప్పే లెక్క అదే. దాని గడియారం ఆకుమడిలోనే నడిచిపోతుంది. ఏడెనిమిది వారాల ఆకు నాటితే, పిలకలు వేయాల్సిన రోజులు మడిలోనే అయిపోయి ఉంటాయి కాబట్టి, నాటిన కొద్ది రోజులకే రెండు మూడు పిలకలతో ఈనేస్తుంది. ఎన్ని బస్తాల యూరియా పోసినా లాభం లేదు. అదే తేదీకి కట్టుబడ్డ పాత రకమైతే ఆకుమడిలో ఎంత ముదిరినా గాభరా పడదు. ఆగస్టు మధ్యలో కొనలు తుంచి నాటినా, దానికి సెప్టెంబరు మధ్య దాకా పిలకలు వేసే వ్యవధి ఉంటుంది. ఇలా వానకోసం కాచుకోగల మొక్కని మొండిది అనాలా?

ఈ తేడా కళ్లతో చూడాలంటే సెప్టెంబరు మూడో వారంలో ఒక దుబ్బులోంచి పెద్ద పిలకని మొదలంటా పీకి, బ్లేడుతో నిలువునా చీల్చండి. కణుపుల పైన, ఆకు తొడుగుల నడుమ, కాండం మొన దగ్గర చూడాలి. అంతకుముందు వారం అక్కడ నున్నటి మొన తప్ప ఏమీ ఉండదు. వెన్ను మొదలైతే ఒక మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో తెల్లటి నూగు మొన కనిపిస్తుంది. అదే చిరుపొట్ట. జూన్‌లో పోసిన మడిలో ఒక పిలక, జూలై చివర్న పోసిన మడిలో ఒక పిలక పక్కపక్కన చీల్చి చూస్తే కాండం ఎత్తు, కణుపుల లెక్క వేరుగా ఉంటాయి కానీ నూగు మొన రెండింట్లోనూ ఉంటుంది. నెల తర్వాత ఉదయం పది గంటలకి అదే చేలోకి వెళ్తే రెండు మళ్లలోనూ వెన్నుల పై కొసల్లో గింజలు నోరు తెరిచి ఉంటాయి. ఆరారు పుప్పొడి తిత్తులు బయటికి వేలాడుతుంటాయి. గంట సేపే. మధ్యాహ్నానికి నోళ్లు మూసుకుపోతాయి. పుప్పొడి బతికేది కొద్ది నిమిషాలే. ఆ గంటలో వాన పడటం, ఎండ 35 డిగ్రీలు దాటడం రెండూ ప్రమాదమే.

ఊరంతా ఒకేసారి ఈనడంలో ఇంకో లాభం ఉంది. ఒక్క చేను ముందుగా ఈనితే ఊళ్లో చిలకలూ పిచ్చుకలూ అన్నీ దాని మీదే. అందరి చేలూ ఒకే వారం పాలు పోసుకుంటే నష్టం తలా కాస్త పంచుకున్నట్టు అవుతుంది. కోత కూలీల ఇబ్బంది మాత్రం తప్పేది కాదు, ఒప్పుకోవాలి.

"ఐఆర్8 రాకపోతే నువ్వు ఈ వ్యాసం రాయడానికి తిండుండేదా" అని అడిగేవాళ్లు ఉంటారు. అడగాల్సిందే. 1966లో ఫిలిప్పీన్స్‌లో విడుదలైన ఆ పొట్టి రకం పగటి నిడివితో పని లేకుండా నాలుగు నెలల చిల్లరలో పంట ఇచ్చింది. 1967లో పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించి చూపించి "మిస్టర్ ఐఆర్8" అనిపించుకున్నారు. గోదావరి, కృష్ణా డెల్టాల దాళ్వా, తెలంగాణ యాసంగి ఈ స్థాయిలో నిలబడ్డాయంటే తాళం ఊడిన వరి వల్లే. తేదీకి కట్టుబడ్డ రకంతో ఏడాదికి ఒకటే పంట. కాలువ నీళ్లున్నచోట రెండో పంట వదులుకోమని ఎవరికీ చెప్పను, చెప్పే హక్కు నాకు లేదు.

కానీ వరికి క్యాలెండరుతో పని లేకుండా చేశాం, ఎండతో పని లేకుండా చేయలేకపోయాం. యాసంగిలో నారు డిసెంబరు, జనవరి చలికి ఎదగదు. నాట్లు ఆలస్యమైతే ఈనడం మార్చి చివరికి జరుగుతుంది, గింజ ఏప్రిల్ ఎండలో గట్టిపడుతుంది. ఆ వడ్లు పచ్చిగా మర ఆడిస్తే నూకలు ఎక్కువ. అందుకే యాసంగి వడ్లు ఉప్పుడు బియ్యానికే పోతాయి. 2021-22లో ఆ ఉప్పుడు బియ్యం కొనడం మీదే తెలంగాణ రాష్ట్రానికీ కేంద్రానికీ మధ్య ఢిల్లీ దాకా రచ్చ నడిచింది. టీవీ చర్చల్లో రాజకీయం అంతా వినిపించింది, వరి ఏ వారంలో ఈనుతోందన్న ముక్క నాకైతే వినపడలేదు. అసలు సమస్య సగం అక్కడే ఉంది.

ఇంకో అభ్యంతరం కాస్త బలమైనది. అందరి వరీ ఒకే కార్తెలో ఈనితే ఒక్క తుపానుకి ఊరంతా మునుగుతుంది కదా? నిజమే. 1977 నవంబరు 19న దివిసీమలో, 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, కోతకొచ్చిన వరే ఎక్కువ పోయింది. అయితే ఆ ప్రమాదాన్ని పాత రకాల మీద వేయడం అన్యాయం. పాత ఊళ్లో అందరి దగ్గరా ఒకే తేదీ ఉండేది కాదు. బుడమ సెప్టెంబరులో ఇంటికొచ్చేది, గరువు వరి అక్టోబరులో, పల్లపు వరి డిసెంబరులో. ఒక్కో రకం తన తేదీకి కట్టుబడి ఉండేది, తేదీలు మాత్రం నాలుగు నెలల మీద పరుచుకుని ఉండేవి. ఇవాళ డెల్టాలో జిల్లాకి జిల్లా మూడు నాలుగు రకాలతో నిండిపోయి, కాలువ వదిలిన వారానికే అందరూ ఆకుమళ్లు పోసేస్తే అప్పుడొచ్చేది అసలైన ఒకే తేదీ.

నా కోపం ప్రభుత్వ రకాల మీద కంటే మా దేశవాళీ వాళ్ల మీదే ఎక్కువ. (మా అంటున్నాను, నేనూ ఆ బాపతే.) గత కొన్నేళ్లుగా బెంగాల్ రకాలు, తమిళ రకాలు, ఒడిశా రకాలు వాట్సాప్ గ్రూపుల్లో కొరియర్‌లో తిరుగుతున్నాయి. మంచిదే. కానీ వాటిని పోసే తీరు చూస్తే టెన్షన్ వస్తుంది. కరీంనగర్ వైపు ఒక తమ్ముడు బెంగాల్ ఆమన్ రకం ఒకటి తెప్పించి యాసంగిలో జనవరి మొదట్లో పోశాడు. పంపినవాళ్లు "140 రోజులు" అని రాశారట. జనవరిలో పగలు పదకొండు గంటల చిల్లరే కదా. ఆ మొక్కకి అదే అక్టోబరు, నవంబరు లాగా అనిపించింది. పిలకలు సరిగ్గా పడకముందే, జానెడు పైన కాస్త లేచీ లేవకముందే ఈనింది. ఎకరానికి రెండు బస్తాలు. అతని పక్క పొలం వాళ్లు అదే విత్తనం మార్చిలో పోశారు. పగలు పెరుగుతున్న రోజులు కాబట్టి అది ఈనలేదు, గడ్డిలా పెరిగింది, మే నెలలో బోరు ఎండిపోయి పశువులకి కోసి వేశారు. ఇద్దరూ చెప్పేది ఒకటే ఇప్పుడు: "దేశవాళీ పండదన్నా." ఆమన్ అంటేనే బెంగాల్లో శరత్తు దాటాక కోసే పంట. ఎండాకాలపు పంటకి వాళ్లకి బోరో రకాలు వేరే ఉన్నాయి, ముందు వానలకి ఆశు రకాలు వేరే. ఆ ఒక్క ముక్క సంచి మీద ఉంటే ఇద్దరి పెట్టుబడీ మిగిలేది.

ఈనే తేదీ రాసి పెట్టుకోవడం విత్తనం కాపాడేవాళ్లకి ఎంత అవసరమో ఒడిశా రాయగడ జిల్లాలో పర్యావరణ శాస్త్రవేత్త దేబల్ దేబ్ నడిపే బసుధ క్షేత్రం చూస్తే తెలుస్తుంది. పార్వతీపురం దాటి కొండలు ఎక్కితే అటువైపే. అక్కడ కొద్దిపాటి నేలలో వెయ్యికి పైగా రకాలు ఏటా పండిస్తారు. విత్తనోత్పత్తి నిబంధనల్లో వరికి రకానికీ రకానికీ మధ్య మూడు మీటర్ల దూరం ఉండాలి. వెయ్యి రకాలకి అంత ఎడం ఎక్కడ దొరుకుతుంది? ఆయన పట్టుకున్న దారి ఏమిటంటే, పక్కపక్క మళ్లలో ఒకే రోజుల్లో ఈనే రకాలు రాకుండా అమర్చడం. ఈ మడిలో పుప్పొడి లేచేటప్పటికి పక్క మడి ఇంకా పొట్ట మీద ఉంటుంది, లేదా పాలు పోసుకుని నోళ్లు మూసేసి ఉంటుంది. ఇక కలగలిసే మాటే లేదు. ఇదంతా జరగాలంటే ముందు ప్రతి రకం ఆ నేల మీద ఎప్పుడు ఈనుతుందో పుస్తకంలో ఉండాలి. మన దగ్గర పెరటి మడిలో ఇరవై రకాలు పక్కపక్కన వేసి, ఫోటో దిగి, వచ్చిన గింజలు మళ్లీ అవే పేర్లతో పంచేవాళ్లు ఈ ఒక్క పని నేర్చుకున్నా చాలు.

జీన్ బ్యాంకులున్నాయి కదా అంటారా. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ దగ్గరే లక్షా ముప్పై వేలకి పైగా నమూనాలున్నాయి. వాటి విలువ వాటిదే. కానీ దాచిన విత్తనాన్ని ఎప్పుడో ఒకప్పుడు నేలలో వేసి మళ్లీ పండించాలి. ఆ పని జరిగేది బ్యాంకు ఉన్న ఊరి పగటి నిడివిలో, విత్తనం పుట్టిన ఊరిది కాదు. తేదీని మార్చుకోకుండా నిలబెట్టేది ఏటా ఆ చెరువు కింద, ఆ వాలులో చల్లే రైతే.

మీ దగ్గర ఊరూ పేరూ లేని దేశవాళీ విత్తనం ఉంటే, ఎకరంలో చల్లకముందు ఒక పని చేయండి. పాత ప్లాస్టిక్ తొట్లు నాలుగు తీసుకుని మడి మట్టి నింపండి. మృగశిరలో ఒకదాంట్లో, తర్వాత వచ్చే ఒక్కో కార్తెకి ఒక్కోదాంట్లో చల్లండి. తొట్టి మీద తేదీ పెయింటుతో రాయండి, స్కెచ్ పెన్ను వానకి పోతుంది. నాలుగూ చల్లిన వరసలోనే, అంతే ఎడంతో ఈనాయంటే అది రోజుల లెక్క రకం, యాసంగిలో కూడా ప్రయత్నించవచ్చు. నాలుగూ ఒకే వారంలో ఈనితే అది తేదీ రకం. ఆ తేదీకి మీ పొలంలో నీళ్లుంటాయో లేదో చూసుకుని అప్పుడు ఎకరం సంగతి ఆలోచించండి. మధ్యస్తంగా వస్తే అదీ ఒక జవాబే, చాలా రకాలు అలాగే ఉంటాయి. తొట్లు మాత్రం వీధి దీపానికి దూరంగా పెట్టండి. మా ఊరి రోడ్డు మీద కొత్త ఎల్ఈడీ దీపం వేశాక దాని కింద అర్ధచంద్రాకారంలో వరి ఈనకుండా పచ్చగా ఉండిపోయింది. చేను యజమాని రెండు వారాలు పురుగుమందు కొట్టించాడు.